కొనువాని మనస్సు

(ఒక పఠనమందిరమున జరిగిన సభలో చేసిన ప్రసంగపాఠము)



అమ్మువానికి కావలసిన నేర్పును గూర్చి మనవారు చాల మాటలు చెప్పియున్నారు. కొనువానికి కావలసిన నేర్పును గూర్చి చెప్పినవారు తక్కువ. బేరమాడుటయే కొనువాని విద్య యని మనలో సామాన్యముగ నున్న తలంపు. వంకాయల బుట్ట ముందు కూర్చుండి, రెండు రూపాయలు తగ్గించుకొని, పైగా కొసరు వేయించుకొని వచ్చిన గృహస్థుడు తాను గెలిచితినని సంతోషించుచున్నాడు. ఆ సంతోషమును మేము తక్కువ చేయము. కాని ఆ గృహస్థుడే సాయంకాలము పెద్ద దుకాణమునకు బోయి, అద్దముల వెనుక దీపముల వెలుగున నిలిపిన వస్తువును జూచి, వెలచీటిపై కొట్టివేసిన అంకెను, దానిక్రింద ఎఱ్ఱగ వ్రాసిన అంకెను జూచి, మాఱుమాటాడక పైకము చెల్లించి వచ్చుచున్నాడు. ఉదయము రెండు రూపాయలకై పోరాడిన వివేకము సాయంకాలము రెండువేల రూపాయల యెడ ఏల నిద్రించెను? ఈ ప్రశ్నయే నేటి మా ప్రసంగమునకు మూలము.

ఆర్థికశాస్త్రమును నిర్మించిన పాశ్చాత్య పండితులు చిరకాలము ఒక మనుష్యుని ఊహించుకొని, వాని చుట్టును తమ సిద్ధాంతములను అల్లిరి. ఆ మనుష్యుడు తనకేమి కావలయునో స్పష్టముగ నెఱిగినవాడు. ప్రతి వస్తువు వలన కలుగు ప్రయోజనమును, దాని వెలను త్రాసులో తూచి, ఎక్కువ లాభము గలదానినే కోరుకొనువాడు. భయము, సంభ్రమము, సిగ్గు, పోటీ యనునవి వాని దరి చేరవు. ఇట్టివాడు గ్రంథములలో నున్నాడు గాని బజారులో లేడు. బజారులో నున్నవాడు మనవంటివాడు. వానికి కన్నులున్నవి, కన్నులు భ్రమపడును. హృదయమున్నది, హృదయము తొందరపడును. పరువున్నది, ఆ పరువు పొరుగువానిని జూచి పెరుగుచు తరుగుచు నుండును. మనశ్శాస్త్రజ్ఞులు ఈ నిజమైన మనుష్యుని పరీక్షించి తెలిసికొన్న విషయములలో కొన్నిటిని మీ ముందుంచెదము. ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. మన చేతిలోని పైకము, మన యిండ్ల అప్పులు, మన పిల్లల అభిరుచులు, తుదకు మనము స్వయముగ నొక నిర్ణయమునకు రాగల శక్తి, ఇవన్నియు నిందు చిక్కుకొని యున్నవి.

మొదట గ్రహింపవలసినది, మనము ఒక వస్తువును ఏల కోరితిమో మనకే సరిగా తెలియదనుట. రిచర్డ్ నిస్బెట్, తిమోతి విల్సన్ అను నిద్దఱు అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు 1977లో ఒక పరీక్షను ప్రకటించిరి. ఒక దుకాణమున బల్లపై నాలుగు జతల నైలాను మేజోళ్ళను వరుసగ నుంచి, వచ్చినవారిని వీనిలో మేలైనది యేదియని అడిగిరి. ఎడమకొన జతను మెచ్చినవారు నూటికి 12 మంది. దాని తరువాతి జతను 17 మంది, మూడవదానిని 31 మంది, కుడికొన జతను 40 మంది మెచ్చిరి. నిజమునకు నాలుగు జతలును ఒక్కటే సరకు. వాని నడుమ వెంట్రుకవాసి భేదము లేదు. ఏల మెచ్చితిరని అడుగగా అందఱును వస్తువు గుణమునే కారణముగ జెప్పిరి. అది కుడివైపున నుండుటచే మెచ్చితిమని ఒక్కరును చెప్పలేదు. ఆ మాట తామే యెత్తి అడిగినపుడు దాదాపు అందఱును కాదు పొమ్మనిరి. వీరు అబద్ధమాడలేదు. మనస్సు ముందు కోరుకొనెను. బుద్ధి తరువాత వచ్చి, ఆ కోరికకు తగిన కారణములను వెదకి తెచ్చెను. యజమాని చేసినదాని నంతయు సమర్థించు గుమాస్తావలె మన బుద్ధి చాలమాఱులు పనిచేయుచున్నది.

ఇక ఇంద్రియముల సంగతి. కన్ను చూచునది, నాలుక రుచి చూచునది యథార్థమని మనము నమ్ముదుము. కాని ఇంద్రియములు అద్దములు కావు. అవి తెచ్చిన వార్తను మనస్సు తన పూర్వానుభవముతోడను, తన యాశతోడను కలిపి యొక తీర్పుగ మార్చుకొనుచున్నది. 2001లో ఫ్రాన్సు దేశమందలి బోర్డో నగరమున ద్రాక్షసారాయపు విద్యను అభ్యసించుచున్న 54 మంది విద్యార్థులకు తెల్లని సారాయమున వాసనలేని ఎఱ్ఱరంగు కలిపి యిచ్చిరి. వారు దాని వాసనను వర్ణించుటకు ఎఱ్ఱ సారాయమునకు వాడు మాటలనే వాడిరి. ముక్కు పనిని కన్ను చేసెను. పొరుగింటి పుల్లకూర రుచి యని మన యిల్లాండ్రు పరీక్షాలయము లేకయే యెన్నడో చెప్పియుండిరి. కూర మారలేదు, గిన్నె మారినది, గడప మారినది.

రంగునకు గల ఈ శక్తిని గూర్చి ప్రభుత్వములు చట్టములే చేయవలసి వచ్చెను. 1869లో ఫ్రాన్సున మేజ్-మూరియే అను రసాయనజ్ఞుడు వెన్నకు బదులుగ వాడదగిన కొవ్వును కనిపెట్టెను. మార్గరీను అను పేర అది అమెరికా చేరి, పసుపురంగు పూసికొని, వెన్నవలె అమ్ముడు పోసాగెను. పాడిరైతులు గగ్గోలు పెట్టిరి. న్యూహాంప్‌షైరు రాష్ట్రమువారు మార్గరీను అమ్మవలెనన్న దానికి గులాబిరంగు వేయవలెనని శాసించిరి. గులాబిరంగు వెన్నను ఎవడు తినును? 1898లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము ఆ శాసనమును కొట్టివేసెను. తరువాత 1902లో పసుపురంగు వేసిన మార్గరీనుపై పౌనునకు 10 సెంట్ల పన్ను వేసిరి. రంగులేనిదానికి పావు సెంటు మాత్రమే. అందుచే తయారుచేయువారు తెల్లని ముద్దతో పాటు రంగు మాత్రను వేఱుగ నిచ్చుచు వచ్చిరి. ఇల్లాలు దానిని ఇంట పిసికి కలుపుకొనవలెను. తాను చేతులార రంగు కలిపి, అది వెన్న కాదని యెఱిగియు, ఆ పసుపు లేనిదే ఆమెకు రొట్టె సహింపలేదు! ఆ పన్ను 1950లో గాని తొలగిపోలేదు.

మన దేశపు కథ ఇంతకంటె దూరమైనది కాదు. 1937లో లీవరు వారి సంస్థ డాల్డా యను పేర వనస్పతిని మన బజారులో ప్రవేశపెట్టెను. నూనెను ఉదజని వాయువుతో గడ్డకట్టించి చేసిన ఈ సరకు నేతివలె పూసకట్టి కనబడును. నేతి కమ్మదనము మన జిహ్వయందే కాదు, మన గౌరవమర్యాదలయందును పెనవేసికొని యున్నది. నేతితో వడ్డించిన భోజనమే భోజనమని, అతిథికి నేయి వేయలేని యిల్లు చిన్నబోవునని మనవారి భావము. నేయి కొనలేని మధ్యతరగతి గృహస్థునకు ఆ వెలితి తీరినట్లు చేయుటయే ఈ సరకు రహస్యము. పసుపుపచ్చని డబ్బా, దానిపై ఆకుపచ్చని తాళవృక్షము, డబ్బా ఆకారమున జేసిన బండి, సినిమాశాలలలో చిత్రములు, వీథిలో అప్పటికప్పుడు వండి రుచి చూపుట, ఇట్లు కన్ను, ముక్కు, నాలుక అన్నిటిని ఒక్కసారి పలుకరించిరి. కొలది కాలములో డాల్డా యను పేరే ఆ జాతి సరకు కంతటికిని పేరై మన పల్లెలలో స్థిరపడెను. నేతిలో దీనిని కలిపి యమ్ము కల్తీదారులును బయలుదేరిరి. దీనికి రంగు వేయవలెనను వాదము చాలకాలము నడచెను గాని తగిన రంగు కుదరలేదు. తుదకు వనస్పతిలో నూటికి 5 పాళ్ళకు తగ్గకుండ నువ్వులనూనె కలుపవలెనను నియమము నిలిచెను. నువ్వులనూనె యున్నచో రసాయన పరీక్షలో గులాబిరంగు వచ్చును, కల్తీ బయటపడును. అమెరికావారు కంటికి చూపింపదలచిన గులాబిరంగును మనవారు సరకు లోపల దాచిరి.

ఇట్టి గట్టికొవ్వులలో నుండు ట్రాన్స్ కొవ్వు గుండెకు హాని యని తరువాతి పరిశోధనలు తేల్చెను. 2022 జనవరి నుండి మన దేశమున నూనెలయందును కొవ్వులయందును దీని పరిమాణము నూటికి 2 పాళ్ళకు మించరాదను నిబంధన అమలునకు వచ్చెను. కంటికి నేయిగ గనబడినది దేహమునకు నేయి కాలేదు. ఇంద్రియములను తృప్తిపఱచుట వేఱు, అవసరమును తీర్చుట వేఱని దీనికంటె స్పష్టముగ జెప్పు నుదాహరణము మాకు తోచలేదు.

ఇంద్రియములకు మఱియొక ధర్మము గలదు. అవి వస్తువు పరిమాణమును గాక, మార్పు యొక్క పాలును గుర్తించును. చీకటి గదిలో చిన్న దీపము వెలిగించిన కన్నునకు పండుగ. మిట్టమధ్యాహ్నము వెలిగించిన అది యున్నదో లేదో తెలియదు. 1834లో జర్మను శాస్త్రజ్ఞుడు ఎర్నస్టు వేబరు బరువుల విషయమున ఈ ధర్మమును నిరూపించెను. ధనము విషయమునను మనస్సు ఇట్లే నడచునని ఆమోస్ ట్వెర్‌స్కీ, డానియల్ కానెమన్ అను పండితులు 1981లో చూపిరి. 15 డాలర్ల వస్తువుపై 5 డాలర్లు తగ్గునన్నచో ఇరువది నిమిషముల దూరపు దుకాణమునకు పోయెదమని నూటికి 68 మంది చెప్పిరి. 125 డాలర్ల వస్తువుపై అదే 5 డాలర్లు తగ్గునన్నపుడు నూటికి 29 మందియే కదలుటకు ఒప్పుకొనిరి. అయిదు డాలర్లు రెండు చోట్లను అయిదే గదా! మేము మొదట నడిగిన ప్రశ్నకు కొంత సమాధానమిచ్చట దొరకుచున్నది. వంకాయల యొద్ద రెండు రూపాయలు పెద్దవి. పెద్ద వెలల దుకాణమున రెండువందలును చిన్నవియే.

ఈ ధర్మమెఱిగిన వర్తకుడు వెల పెంచుటకు బదులు సరకును తగ్గించును. అయిదు రూపాయల బిస్కత్తుల పొట్లము అయిదు రూపాయలుగనే యుండును. లోపలి బిస్కత్తు పలుచబడును, ఒకటి రెండు మాయమగును, పొట్లములో గాలి పెరుగును. వెల ఆఱు రూపాయలైన వీథి వీథియంతయు మాటలాడుకొనును. తూకము పదిగ్రాములు తగ్గిన పసిబిడ్డ కూడ ఏడువదు. పొట్లముపై తూకము ముద్రింపబడియే యుండును గాన ఇది చట్టమునకు లోబడినదే. చదువువారు లేకపోవుటయే లోపము.

ఇంతవరకు ఇంద్రియములను గూర్చి చెప్పితిమి. ఇక ఉద్వేగములు. ఉద్వేగము బుద్ధికి శత్రువనియు, దానిని పూర్తిగ చంపుకొన్నవాడు మంచి నిర్ణయములు చేయుననియు పలువురు తలంతురు. ఇది నిజము కాదు. ఆంటోనియో డమాసియో అను వైద్యపండితుడు 1994లో ప్రకటించిన గ్రంథమున ఎలియట్ అను మాఱుపేరుతో ఒక రోగి వృత్తాంతమును వ్రాసెను. నుదుటి వెనుకనున్న మెదడుభాగమున గడ్డ లేచి, శస్త్రచికిత్స జరిగిన పిమ్మట, అతని తెలివితేటలు చెక్కుచెదరలేదు; జ్ఞాపకము చెడలేదు. భావోద్వేగములు మాత్రము ఎండిపోయెను. అంతట ఉద్యోగము పోయెను, ధనము పోయెను, సంసారము చెదరెను. అట్టి దెబ్బ తగిలిన మఱియొక రోగి, తిరిగి వైద్యునొద్దకు ఏ దినమున రావలెనని రెండు తేదీల నడుమ దాదాపు అరగంట తర్కించి కూడ తేల్చుకొనలేకపోయెనట. ఉద్వేగమే మనకు ఇది మేలు, ఇది కీడు అని సూచించు ముల్లు. అది లేనివాడు త్రాసు కలిగియు తూకము చెప్పలేనివాడు.

కావున వర్తకుడు మన హృదయముతో మాటలాడుట తప్పని మేమనము. తల్లి బిడ్డకు చొక్కా కొనునపుడు ప్రేమ లేకుండ కొనవలెనని యెవడనును? ఏ భావమును మేల్కొల్పుచున్నాడు, ఎవని మేలునకు మేల్కొల్పుచున్నాడు అనునదియే విచారింపవలసినది. 1929వ సంవత్సరమున ఈస్టరు ఆదివారమునాడు న్యూయార్కు రాజవీథిలో కొందఱు యువతులు నలుగురు చూచుచుండగ సిగరెట్లు వెలిగించి నడచిరి. వానికి స్వాతంత్ర్యజ్యోతులని పేరు పెట్టబడెను. ఈ తతంగమును నడిపించినవాడు ఎడ్వర్డ్ బెర్నేస్, మనస్తత్త్వవేత్త ఫ్రాయిడునకు మేనల్లుడు. పైకమిచ్చినది ఒక పొగాకు కంపెనీ. స్త్రీలకు నిజముగ నున్న ఆవేదన యొకటి, నిజముగ నున్న ఆశ యొకటి. ఆ రెంటిని పట్టుకొని పొగచుట్టకు ముడివేసిరి. స్వాతంత్ర్యమను మాట వారిది, లాభము కంపెనీది, రోగము మరల వారిది.

మన దేశమున ఇంతకంటె బాధాకరమైనది శరీరచ్ఛాయ వ్యాపారము. నలుపు నారాయణమెచ్చు అన్న సామెత మన నోటనే యున్నది. అయినను 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ యను లేపనము బజారునకు వచ్చినది మొదలు, తెల్లబడిన పిల్లకే ఉద్యోగము, తెల్లబడిన పిల్లకే వరుడు అనునట్టి కథలు ప్రకటనలలో ఏండ్ల తరబడి సాగెను. ఆ యవజ్ఞను ప్రకటనకర్తలు పుట్టింపలేదు. అది మన యిండ్లలో, మన పెండ్లిచూపులలో ముందే యున్నది. వారు దానికి వెల కట్టిరి, ప్రతిదినము నీరుపోసి పెంచిరి. 2020లో ఆ లేపనపు పేరు మార్చిరి. పేరు మారినంత సులభముగ అద్దము ముందు నిలిచిన బాలిక మనస్సులోని సిగ్గు మారదు. భయమును, సిగ్గును అమ్మకపు సాధనములుగ చేసినవాడు సరకు నొక్కటి అమ్మి ఊరకుండుట లేదు. ఒక రోగమును అంటించి మందు నమ్ముచున్నాడు.

ఉద్వేగములలో నష్టభయమునకు ప్రత్యేకస్థానము గలదు. వచ్చిన నూఱు రూపాయలు కలిగించు సంతోషముకంటె పోయిన నూఱు రూపాయలు కలిగించు దుఃఖము పెద్దదని కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో సిద్ధాంతీకరించిరి. ఈ పరిశోధనలకుగాను 2002లో కానెమన్‌కు నోబెల్ బహుమానము లభించెను. అప్పటికి ట్వెర్‌స్కీ జీవించి లేడు. 1990లో కానెమన్, నెచ్, థేలర్ అనువారు ప్రకటించిన పరీక్షలో విద్యార్థులలో సగముమందికి కాఫీ గిన్నెలు పంచిపెట్టిరి. గిన్నె దొరకినవారు దానిని అమ్ముటకు అడిగిన వెల, దొరకనివారు కొనుటకు ఇచ్చెదమన్న వెలకు ఇంచుమించు రెట్టింపు. కొన్ని నిమిషముల క్రిందట అది యెవరిదియు కాదు! అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యను సామెతలో బజారు తప్పే కాక మనస్సు పాలును కొంత కలదని దీనివలన తెలియుచున్నది. ముప్పది దినములు వాడి చూడుడు, నచ్చకున్న మరల పంపుడు అని చెప్పు వర్తకునకు ఈ రహస్యము తెలియును. ఒకమాఱు మన యింట నిలిచిన వస్తువును మరల పంపుట నష్టముగ తోచును.

అంకెల మాయ ఇంకొకటి. 1974లో కానెమన్, ట్వెర్‌స్కీ ఒక చక్రమును త్రిప్పి చూపిరి. అది 10 మీదగాని 65 మీదగాని నిలుచునట్లు ముందే యమర్చి యుంచిరి. పిమ్మట ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశములు నూటికెన్ని యని అడిగిరి. 10 చూచినవారి జవాబులకు నడిమి అంకె 25. 65 చూచినవారి జవాబులకు నడిమి అంకె 45. చక్రమునకును ఆఫ్రికాకును సంబంధమేమి? అయినను మొదట చెవిని బడిన అంకె లంగరువలె మనస్సును పట్టి నిలిపెను. కొట్టివేసిన పాత వెల చేయు పని ఇదియే. మనవారు ఆషాఢమాసమున శుభకార్యములు చేయరు, క్రొత్తబట్టలు కొనరు. అట్టి మందకొడి మాసమునే మన పట్టణముల బట్టలవర్తకులు తగ్గింపుల మాసముగ మార్చిరి. ఇప్పుడు ఆషాఢము వచ్చిన అవసరమున్నను లేకున్నను బజారునకు పోకున్న ఏదో పోగొట్టుకొన్నట్లు తోచుచున్నది. తగ్గింపు నిజమైనపుడు కొనుట వివేకమే. కాని ఏడువందల చీరను అవసరము లేక కొన్నవాడు మూడువందలు మిగుల్చుకొనలేదు, ఏడువందలు ఖర్చుచేసెను.

వెల తగ్గుట యిట్లు ఆకర్షింపగ, వెల పెరుగుటయు నొక్కొక్కప్పుడు ఆకర్షించును. 2008లో ప్రకటింపబడిన యొక పరీక్షలో ఒక్కటే ద్రాక్షసారాయమును ఒకమాఱు 10 డాలర్లదని, ఇంకొకమాఱు 90 డాలర్లదని చెప్పి యిచ్చిరి. ఎక్కువ వెల చెప్పినపుడు త్రాగినవారు మిక్కిలి బాగున్నదనిరి. అంతియ కాదు, సుఖానుభవమునకు సంబంధించిన మెదడుభాగము కూడ అప్పుడు ఎక్కువగ చలించెను. వారు డంబమునకు పొగడలేదు, నిజముగనే ఎక్కువ సుఖించిరి. వెల నాలుకపై కూర్చుండెను.

ఇట్టి ఉపాయములు పాతవియే, వర్తకుడెప్పుడు మాయలు చేయలేదని మీరడుగవచ్చును. నిజమే. కొసరు వేయు కూరలమ్మికి మనస్తత్త్వము తెలియకపోలేదు. కాని అచ్చట ఇద్దఱును ముఖాముఖిగ నుందురు. ఆమె మనలను చదివినట్లే మనమామెను చదువుదుము. రేపు మరల అదే మూలను కలిసికొనవలెను గాన మోసమునకు హద్దున్నది. నేడు చేతిఫోనులోని అంగడి వేఱు. మనమెచ్చట ఆగితిమి, దేనిని రెండుమాఱులు చూచితిమి, ఏ వేళ మన నిగ్రహము సడలునో కోట్లమంది నడవడి నుండి యంత్రము లెక్కకట్టుచున్నది. మనకు దాని ముఖమే కనబడదు. పైకమిచ్చుటలో నుండు నొప్పియు తగ్గిపోయెను. 2001లో ప్రెలెక్, సిమెస్టర్ అనువారు ప్రకటించిన పరీక్షలో, ఆట టిక్కెట్టునకు నగదు చెల్లింపవలసినవారికంటె అప్పుకార్డుతో చెల్లింపగలవారు ఇంచుమించు రెట్టింపు వెల యిచ్చుటకు ఒప్పుకొనిరి. నోటు లెక్కపెట్టి యిచ్చునపుడు చేయి తటపటాయించును. వ్రేలితో తాకునపుడు తటపటాయింపు లేదు. సౌకర్యము సౌకర్యమే, దాని వెంట వచ్చిన ఏమఱుపాటును మాత్రము గుర్తింపవలెను.

ఈ క్రొత్త యంగడులలోని వంచనలను అరికట్టుటకు భారతప్రభుత్వము 2023 నవంబరులో మార్గదర్శకములు ప్రకటించి, 13 విధములైన కపటరీతులను పేర్కొనెను. ఇంకొక గంటలో అయిపోవునని లేని తొందర పుట్టించుట, మనమడుగని వస్తువును మన బుట్టలో చేర్చుట, వద్దనువానికి సిగ్గు కలుగునట్లు మాటలు కూర్చుట, వెలను కొంచెము కొంచెముగ బయటపెట్టుట, చేరుట సులభముగను విడుచుట కష్టముగను చందాలు పన్నుట, ఇవి వానిలో కొన్ని. ఇంద్రియముల బలహీనతను, హృదయపు తొందరను వలగ పన్నుట అపరాధమని రాజ్యము గుర్తించుట మంచిది. కాని కొనువాడు మేల్కొననిచో ఏ మార్గదర్శకమును వాని సంచిని కాపాడలేదు.

ఇచ్చట నొక హెచ్చరిక అవసరము. ఇదంతయు విని, మనము కీలుబొమ్మలము, ప్రకటనకర్త ఆడించినట్లాడుదుమని నిరాశ చెందరాదు. 1957లో అమెరికాయందు జేమ్స్ వికరీ యనువాడు, సినిమా తెరపై కంటికి అందనంత వేగముగ మాటలు చూపి ప్రేక్షకులచే తినుబండారములు కొనిపించితినని చాటెను. లోకము భయపడెను. 1962లో అది యొక తంత్రమాత్రమని అతడే యొప్పుకొనెను. 2000లో ఒక ప్రసిద్ధ పరీక్ష ప్రకటింపబడెను: 24 రకముల పండ్లపాకములు పెట్టినచోట ఆగినవారిలో నూటికి 3 మందియు, 6 రకములు పెట్టినచోట 30 మందియు కొనిరి. ఎంపిక హెచ్చిన మనస్సు బెదరునని సిద్ధాంతము చేసిరి. తరువాత పలువురు చేసిన పరీక్షలను కూడి చూడగ ఆ ఫలము అన్నిచోట్ల నిలువలేదు. మనస్సును గూర్చిన ప్రతి మాటను వేదముగ గొనరాదు. మనస్తత్త్వశాస్త్రము పేర అమ్మబడు మాటలును సరకులే. వానిని కూడ తూచియే కొనవలెను.

కీలుబొమ్మలము కామనుటకు మన చరిత్రయే సాక్షి. 1921లో బెజవాడలో కూడిన అఖిలభారత కాంగ్రెసు సంఘము దేశమున 20 లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించెను. అప్పటి ఖద్దరు సామాన్యముగ ముతక, బరువు; మిల్లుబట్టకంటె వెల ఎక్కువ. ఆర్థికశాస్త్రజ్ఞుల ఊహామనుష్యుడు దానిని ముట్టడు. అయినను మన తాతలు తండ్రులు దానిని ధరించి, అదే మెత్తనిదని, అదే అందమని భావించిరి. ఇదియు ఉద్వేగమే, ఇచ్చటను భావము స్పర్శను మార్చెను. భేదమెచ్చట? వారికి తామేమి కొనుచున్నారో, ఏల కొనుచున్నారో, ఎవనికి ఆ పైకము చేరునో తెలియును. కారణము బహిరంగముగ చెప్పబడెను, సభలలో వాదింపబడెను, ఒప్పుకొననివాడు కాదనుటకు వీలుండెను. ఆ యుద్యమములోను సిగ్గుపఱచుట, బలవంతము అక్కడక్కడ లేకపోలేదు; ఆ మేరకు అదియు తప్పే. తెలిసి కోరుకొన్న భావము మనది. తెలియకుండ మనలో నాటబడిన భావము పరులది. ఈ గీటును పట్టుకొన్నచో ఏ ప్రకటనకైనను విలువ కట్టవచ్చును.

కావున చేయదగినవి కొన్ని మనవి చేసెదము. అవసరము లేని పెద్ద వస్తువును చూచిన దినమున కొనక ఒక రాత్రి గడువనిండు. ఉద్వేగము నిద్రతో చల్లారును, అవసరము చల్లారదు. పొట్లముపై వెలతో పాటు గ్రామునకు ఇంత, కిలోకు ఇంత యని ముద్రింపవలెనను నియమము గలదు; ఆ చిన్న అంకెనే మొదట చదువుడు. కొట్టివేసిన వెలను వ్రేలితో మూసి, ఇది లేకున్నను ఈ వస్తువును ఈ ధరకు కొందునా యని ప్రశ్నించుకొనుడు. ఇంట పిల్లలచేత ఒక వినోదము చేయింపుడు: రెండు మూడు కంపెనీల తేయాకును పేరు కనబడకుండ కాచి గిన్నెలలో పోసి యే దేదియో చెప్పుమనుడు. వారు నవ్వుచు నేర్చుకొన్నది జన్మాంతము మఱవరు. మోసము జరిగినచో సిగ్గుపడి దాచక, జాతీయ వినియోగదారుల సహాయకేంద్రపు 1915 అను ఫోనుసంఖ్యకు తెలుపుడు.

ఇట్టి పఠనమందిరములు చేయగలది మఱియు నెక్కువ. ఆ 13 కపటరీతులను తెలుగున వ్రాసి గోడకు అంటింపుడు. నెలకొకమాఱు సామాన్యముగ కొను పది సరకుల తూకమును, వెలను నమోదు చేసి, కడచిన నెలతో పోల్చి పలకపై వ్రాయుడు. ఒక్కని కన్నునకు కనబడని పది గ్రాముల తగ్గుదల పదుగురు కూడి వ్రాసికొన్న లెక్కలో దాగలేదు. అమ్మువారికి శాస్త్రజ్ఞులున్నారు, యంత్రములున్నవి, ధనమున్నది. కొనువారికి ఒకరికొకరు తోడు. ఆ పలకను వచ్చు నెల మొదటి దినముననే ఈ మందిరపు గుమ్మము ప్రక్కన నిలుపుడని మా ప్రార్థన.